ఐవీఎఫ్ ఇంజెక్షన్ల మధ్యలో ఎండోమెట్రియోసిస్ నొప్పి: మెఫ్తాల్ బదులు ఏమిటి?

ఎండోమెట్రియోసిస్ (గర్భాశయం లోపలి పొర లాంటిది బయట పెరగడం) వల్ల అండాశయంలో 4 సెంటీమీటర్ల చాక్లెట్ సిస్టు, అంటే పాత రక్తం నిండిన తిత్తి ఉంది, ఐవీఎఫ్ ఇంజెక్షన్లు ఆరో రోజు, నడుము నుంచి తొడ దాకా నొప్పి, మెఫ్తాల్ స్పాస్ వేసుకోవచ్చా అని అడిగారు. ఇప్పుడు వద్దండీ. అందులోని మెఫెనమిక్ యాసిడ్, నొప్పిని కలిగించే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలను తగ్గిస్తుంది. నొప్పి తగ్గేది అందుకే, కానీ ఫాలికిల్ (అండం పెరిగే సంచి) పగిలి అండం బయటికి రావడానికీ అవే కావాలి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కూడా అదే కోవ.

ప్రస్తుతానికి పారాసెటమాల్ 650, ఆరు గంటలకొకటి, రోజుకు నాలుగు దాటకుండా. లివర్ సమస్య ఉంటే ముందు డాక్టర్‌ని అడగండి. నొప్పి ముదిరేదాకా ఆగకండి, మొదలవగానే వేసుకుంటేనే పట్టు దొరుకుతుంది. జలుబు మాత్రల్లోనూ పారాసెటమాల్ ఉంటుంది, లెక్కలో కలపండి. వేడినీళ్ల బ్యాగుకు తువ్వాలు చుట్టి నడుముకు 15 నిమిషాలు కాపడం పెట్టండి.

చాలామంది పట్టించుకోనిది మలబద్ధకం. ప్రొజెస్టెరాన్ మొదలయ్యాక పేగుల కదలిక మందగించి, ఎండోమెట్రియోసిస్ వల్ల లోపలి అవయవాలు అతుక్కుపోయిన చోట లాగినట్టు నొప్పి పెరుగుతుంది. రాత్రి ఒక చెంచా ఇసబ్‌గోల్, నిండు గ్లాసు నీళ్లతో.

ఎండోమెట్రియోసిస్‌కు ఇచ్చే హార్మోన్ మాత్ర డైనోజెస్ట్‌ను పాత చీటీ చూసి సొంతంగా మొదలుపెట్టకండి, అది అండం విడుదలను ఆపుతుంది. నొప్పి ఇలాగే ఉంటే, పిండాలను ఫ్రీజ్ చేసి, బదిలీకి ముందు 2-3 నెలలు ల్యూప్రోలైడ్ (ఎండోమెట్రియోసిస్‌ను అణిచే హార్మోన్ ఇంజెక్షన్) ఇవ్వడం మీకు పనికొస్తుందేమో డాక్టర్‌ని తప్పక అడగండి.

ఒకవైపే హఠాత్తుగా మెలిపెట్టే నొప్పి, వాంతులు వస్తే అండాశయం మెలికపడి ఉండొచ్చు. అండాలు తీశాక జ్వరం వస్తే సిస్టుకు ఇన్ఫెక్షన్ అనుమానించాలి. ఒక్క రోజులో కిలో బరువు పెరిగి, మూత్రం తగ్గినా ప్రమాదమే. వీటిలో ఏది కనిపించినా సరే, తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లండి.