చిల్లులు పూడ్చే ముందు

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీస్సులు.

డ్యూటీలో ఉన్నప్పటిలా తిరిగి తయారు చేద్దామని వేలంలో పాత పోలీసు కారు కొన్నానంటూ నువ్వు పంపిన ఫొటోలు చూశాను. 2007 ఫోర్డ్ క్రౌన్ విక్టోరియా, తెల్లది, కప్పు మీద మూడు చిల్లులు. ‘ముందు చిల్లులు పూడ్పించి పెయింట్ కొట్టిస్తా’ అన్నావు. ఆగరా. అలాంటి పనే చేసి చేతులు కాల్చుకున్నవాణ్ణి కాబట్టే ఇంత ఉత్తరం రాస్తున్నాను.

నా మొదటి పోలీసు కారు 1995 షెవ్రొలే కాప్రిస్. స్టిక్కర్లు పీకేసి అమ్మారు గానీ తలుపుల మీద అక్షరాల నీడలు మిగిలాయి. చుట్టూ ఉన్న పెయింట్ ఎండకు వెలిసిపోతుంది, స్టిక్కర్ కిందది వెలవదు, అంతే. నాకది మచ్చలా కనిపించింది. రెండు రోజులు బఫింగ్ మిషన్ పట్టుకుని కారును అద్దంలా చేశాను. ఆ తర్వాత, ఇంతకీ ఇది ఏ ఊరి పోలీసులదని తీరిగ్గా ఆలోచించడం మొదలుపెట్టాను. చెప్పగలిగిన ఒకే ఒక్క సాక్షిని నేనే తుడిచేశాను మరి. అది ఎక్కడ తిరిగిన కారో ఇప్పటికీ తెలియదు.

అందుకని నీ కారును ముందు కడగడం కూడా వద్దు. పొద్దున్నే ఏటవాలు వెలుతురులో, తలుపులు కాస్త తడిపి, పక్క నుంచి చూడు. నీడలు కనిపిస్తే ఫొటోలు తియ్యి, పల్చటి కాగితం పెట్టి అక్షరాలు పెన్సిల్‌తో గీసుకో. తలుపు అంచుల లోపల, కప్పు మీద లైట్‌బార్, అంటే మెరిసే లైట్ల పట్టీ, కూర్చున్న చోట పెయింట్ చూడు. అమ్మే ముందు తలుపులకు వేరే రంగు వేసి గుర్తులు దాచేయడం మామూలే. తెల్ల తలుపు అంచున నల్ల రంగు తొంగి చూసిందా, నీకు సగం కథ దొరికినట్టే. ఒక్కో చిల్లు ఎక్కడుందో కొలిచి రాసుకో. నడిమధ్య పెద్దది చాలావరకు లైట్‌బార్ కేబుల్‌ది, ముప్పావు అంగుళం గుండ్రటిది యాంటెన్నాది అయ్యుంటుంది. రేపు పాత ఫొటో ఏదైనా దొరికితే, అది నీ కారేనా కాదా తేల్చేవి ఈ కొలతలే. వాన నీళ్లు దిగకుండా ప్రస్తుతానికి రబ్బరు బిరడాలు పెట్టు, చాలు.

తర్వాత విన్ నంబరు, అంటే ఒక్కో కారుకు కంపెనీ ఇచ్చే గుర్తింపు సంఖ్య. అయిదు, ఆరు, ఏడు స్థానాల్లో పి71 అని ఉండాలి. పోలీసుల కోసం కట్టిన క్రౌన్ విక్టోరియాలకు ఫోర్డ్ ఇచ్చిన కోడ్ అది, చివర్లో పి7బి అయింది. షెవ్రొలేలో అయితే 9సి1 అనే ఆర్డర్ కోడ్ వెతకాలి. కోడ్ ఉన్నంత మాత్రాన అది గస్తీ తిరిగిందని కాదు, ఆఫీసు పనులకు వాడినవీ ఉంటాయి. గస్తీ సంగతి చెప్పేది చిల్లులే.

తొంభై వేల మైళ్లేనని సంబరపడుతున్నావు. ఓడోమీటర్ అబద్ధం చెప్పదు గానీ నిజం మొత్తం చెప్పదు. ఈ కార్లు రోడ్డు పక్కన ఇంజిన్ ఆపకుండా గంటల తరబడి నిలబడతాయి. ఒక గంట ఐడిల్ ముప్ఫై మూడు మైళ్ల నడకతో సమానమని ఫోర్డ్ లెక్క. నీ మోడల్‌లో ఇంజిన్ గంటల మీటర్ ఉంటుంది, చూడు. ఆరువేల గంటలు ఉన్నాయనుకో. గంటకు సగటున ముప్ఫై మైళ్లు నడిచిందనుకుంటే తొంభై వేల మైళ్లకు మూడువేల గంటలు పోతాయి. మిగతా మూడువేలూ నిలబడే గడిపింది. అంటే ఇంకో తొంభైతొమ్మిది వేల మైళ్ల అరుగుదల. అంతమాత్రాన బెంగపడకు, ఆ 4.6 లీటర్ల వి8 మొండి ఇంజిన్. 1996 నుంచి 2001 దాకా వచ్చినవాటి ప్లాస్టిక్ ఇన్‌టేక్ మానిఫోల్డ్ (ఇంజిన్‌లోకి గాలి పంపే భాగం) పగిలి కూలెంట్ కారేది. నీది తర్వాతది, ఆ గొడవ లేదు. బ్రేకులు, బుష్‌లు, షాక్‌లు ఎలాగూ మార్చాల్సిందే, వాటి గురించి నేను చెప్పేదేం లేదు.

వెనక సీటు విప్పేటప్పుడు మాత్రం మందపాటి గ్లవ్స్ లేకుండా చెయ్యి పెట్టకు. పట్టుబడినవాళ్లు జేబులోవి ఆ సందుల్లోనే తోసేస్తారు, సూదులు కూడా ఉండొచ్చు. ఇంకో మాట, నవ్వకు: వెనక తలుపులు లోపల్నుంచి తెరుచుకోవు. నేను కప్పు లోపలి గుడ్డ చూద్దామని వెనక కూర్చుని తలుపు వేసుకున్నాను. ఫోన్ ముందు సీట్లో. మధ్యలో జాలీ. మీ పెద్దమ్మ వచ్చి, తీరిగ్గా నవ్వుకుని, అప్పుడు తలుపు తీసింది.

వైరింగ్ దగ్గర ఓపిక కావాలి. రేడియో, సైరన్ పీకేసేటప్పుడు వైర్లు ఎక్కడికక్కడ కత్తిరించి వదిలేస్తారు. కొన్ని నేరుగా బ్యాటరీ నుంచే వస్తాయి. ముందు బ్యాటరీ తీసెయ్యి, ఒక్కో వైరు చివరిదాకా వెతికి చీటీ కట్టు.

ఊరు తెలిశాక ఆ డిపార్ట్‌మెంట్‌కు పబ్లిక్ రికార్డ్స్ చట్టం (మన సమాచార హక్కు లాంటిది) కింద విన్ నంబరుతో అర్జీ పెట్టు. పాత కాగితాలు పారేసి ఉండొచ్చు, అయినా అడుగు. అంతకంటే రిటైరైన పోలీసులే మేలు. కారు నంబరు, అంటే డిపార్ట్‌మెంట్ తన కార్లకు ఇచ్చుకునే నంబరు, చెబితే దాన్ని ఎవరు నడిపారో, ఏ స్తంభానికి గుద్దారో కూడా చెబుతారు. వాళ్ల ఆల్బమ్‌లలో ఫొటో దొరికేదాకా లైట్‌బార్ కొనకు. ఏ ఏడాదికి ఆ కారు మీద ఏ బార్ ఉందో అదే పెట్టాలి. తొంభైల కారు మీద ఎల్‌ఈడీ బార్ పెట్టి ప్రదర్శనకు తెచ్చేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

అక్షరాలు, లైట్లు పెట్టాక రోడ్డు సంగతి వేరు. రాష్ట్రానికో చట్టం ఉంది, నీ రాష్ట్రంలో ఏముందో ముందే చదువు. చట్టం ఏం చెప్పినా, రోడ్డెక్కితే బార్‌కు తొడుగు వెయ్యి, లైట్ల ఫ్యూజులు తీసి జేబులో పెట్టుకో, తలుపుల మీద ‘సర్వీసులో లేదు’ అనే అయస్కాంతపు బోర్డు పెట్టు. నేనైతే ట్రైలర్ మీదే తీసుకెళతాను. డిపార్ట్‌మెంట్ పేరు రాసేముందు వాళ్లనే అడిగి ఉత్తరం తీసుకో. నన్ను ఇంతవరకూ ఎవరూ కాదనలేదు.

డిక్కీ మూత లోపలివైపు ఫొటో ఒకటి పంపు. కారు నంబరు చీటీ అక్కడ అంటించే అలవాటు కొన్నిచోట్ల ఉంది. నువ్వు పంపినవాటిలో అదొక్కటే లేదు.

పెదనాన్న