కార్పొరేటర్ అభ్యర్థిని రోడ్ల గురించి ఏం అడగాలి? మా ఉప్పల్ అనుభవం

మీ ప్రశ్న ఇది: "మా డివిజన్‌లో పోటీ చేస్తున్నాయన ట్రాఫిక్ సమస్య తీర్చేస్తా, రోడ్లు సేఫ్‌గా చేస్తా అని తిరుగుతున్నాడు. ఆయనకు నిజంగా విషయం తెలుసో లేదో ఎలా పట్టుకోవాలి?"

2020 జీహెచ్ఎంసీ (హైదరాబాద్ కార్పొరేషన్) ఎన్నికల్లో నేను ఈ పనే పెట్టుకున్నాను. సగం తెలివిగా చేశాను, సగం తెలివితక్కువగా చేశాను. రెండూ చెప్తాను.

మాది ఉప్పల్ వైపు ఒక కాలనీ. గల్లీ నుంచి బయటికొస్తే కార్పొరేషన్ రోడ్డు, దాని చివర వరంగల్ హైవే. ఆ ఏడు నోటిఫికేషన్ నవంబర్ 17న వచ్చింది, డిసెంబర్ 1న పోలింగ్. అంతా కలిపి రెండు వారాలు. అక్టోబర్ వరదల తడి ఇంకా ఆరలేదు కాబట్టి ఎవరిని కదిలించినా పది వేల వరద సాయం గురించే. రోడ్ల మాట వచ్చినా ఎలా వచ్చిందంటే, మేం గెలిస్తే మీ ట్రాఫిక్ చలాన్లు కార్పొరేషనే కడుతుందన్న హామీ కూడా ఆ ప్రచారంలో విన్నాం. హెల్మెట్ లేకుండా తిరిగే మా బావమరిదికి అది తెగ నచ్చింది.

మొదటి అభ్యర్థి డప్పులతో, ముప్పై బైకులతో వచ్చాడు. ఒక్కడికీ హెల్మెట్ లేదు, కొన్ని బండ్ల మీద ముగ్గురేసి. గేటు దగ్గర ఆపి, "అన్నా, మా అమ్మ బస్టాప్‌కి పోవాలంటే రోడ్డు దాటడానికి పది నిమిషాలు నిలబడాల్సి వస్తోంది, ఏం చేస్తారు?" అని అడిగాను. ఉప్పల్–నారపల్లి ఫ్లైఓవర్ పూర్తయితే ట్రాఫిక్కే ఉండదన్నాడు. పక్కనే ఉన్న మా అమ్మ, "నేను ఫ్లైఓవర్ మీద నడుస్తనా బిడ్డా?" అంది. అందరూ నవ్వారు, ఆయన కూడా నవ్వి దండం పెట్టి ముందుకెళ్ళాడు.

ఆ ఫ్లైఓవర్ పని 2018లో మొదలైంది, జాతీయ రహదారి మీద. దాని మీద కార్పొరేటర్‌కి ఏ అధికారమూ లేదు. బస్సులు ఆర్టీసీవి, మెట్రో వేరే సంస్థది, సిగ్నల్ ఎన్ని సెకన్లు ఉండాలో చూసేది ట్రాఫిక్ పోలీసులు. 2023లో మా రింగ్ రోడ్డు దగ్గర స్కైవాక్ (నడిచి దాటే వంతెన) వచ్చింది, అది కూడా నగరాభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏ కట్టించిందే. జీహెచ్ఎంసీ మెయిన్ రోడ్లలోనే 709 కిలోమీటర్ల నిర్వహణను ఆ ఎన్నికలకు ముందే ఐదేళ్ళకు ప్రైవేటు ఏజెన్సీలకు ఇచ్చేశారు. ఇన్ని పోగా కార్పొరేటర్ దగ్గర మిగిలేది వీధి లైట్లు, కాలనీ రోడ్లు, ఫుట్‌పాత్‌లు, వాన కాలువల మూతలు, ఇంజనీర్ల వెంటపడి పనులు శాంక్షన్ చేయించుకునే ఓపిక. చూడటానికి చిన్నవే కానీ ముసలివాళ్ళు కాళ్ళు విరగ్గొట్టుకునేది వీటి దగ్గరే. 2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్ళు 1,68,491 మంది, అందులో 32,825 మంది నడిచి వెళ్తున్నవాళ్ళు.

కాబట్టి మొదట "ఇందులో మీ చేతిలో ఉన్నది ఏది, లేనిది ఏది?" అని అడగండి. అన్నీ నావే అన్నవాడికి అసలు తెలియదు. ఏదీ నాది కాదన్నవాడు రేపు మీ ఫోన్ ఎత్తడు.

రెండో అభ్యర్థి రాత్రి ఎనిమిదింటికి ఇద్దరు మనుషులతో నడుచుకుంటూ వచ్చాడు. అదే ప్రశ్న అడిగాను. "బస్సు నేను తేలేనన్నా, డిపో మేనేజర్‌కి లెటర్ రాస్తా, అంతే. ముందు మీరు దాటే చోటు చూపించండి" అన్నాడు. చూపించాను. అక్కడ రెండు స్తంభాలకు లైట్లు లేవు. ఫుట్‌పాత్ సగం ట్రాన్స్‌ఫార్మర్, సగం బజ్జీల బండి. డివైడర్‌ని ఎవరో పగలగొట్టి బైకు పట్టేంత గ్యాప్ చేసుకున్నారు, రాంగ్ రూట్ బండ్లన్నీ అందులోంచే వస్తాయి. ఆయన చూసి, "లైట్లు వారంలో అయ్యే పని. బజ్జీల బండిని తీయించను, దాని వెలుతురే ఇక్కడ దిక్కు, ఆ మనిషిని చూసే ఆడవాళ్ళు ధైర్యంగా నిలబడుతున్నారు. ఆ గ్యాప్ మాత్రం మూయించాలి" అన్నాడు. నేను అప్పటిదాకా బండిని తీయించమని కాలనీ తరఫున రాసివ్వాలనుకుంటున్నవాణ్ణి. నోరు మూసుకున్నాను.

ఆయన ఓడిపోయాడు. డప్పులాయన గెలిచాడు. నేను ఎవరికి వేశానో మీకు అర్థమయ్యే ఉంటుంది, మా అపార్ట్‌మెంట్‌లో చాలామంది అసలు ఓటుకే వెళ్ళలేదు.

ఇక నా తెలివితక్కువ పని. కొత్త కార్పొరేటర్ దగ్గరికి అసోసియేషన్ వాళ్ళం లెటర్ పట్టుకుని వెళ్ళాం. అందులో నేనే రాశాను, "స్పీడ్ బ్రేకర్ వేయించగలరు" అని. నిజం చెప్పాలంటే ఆయన మాట తప్పలేదు. నెల తిరక్కముందే వేశారు. అడుగున్నర వెడల్పు, జానెడు ఎత్తు, పెయింట్ లేదు, బోర్డు లేదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పద్ధతి ప్రకారం గుండ్రటి స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. బండి మెల్లగా ఎక్కి మెల్లగా దిగేలా అన్నమాట. మాది గోడలా ఉండేది. జూన్‌లో ఒక వాన రాత్రి దాని మీద స్కూటీతో పడ్డది నేనే. మా ఆవిడ వెనక కూర్చుంది, ఆమె మణికట్టు విరిగింది. ఆరు వారాల కట్టు. "లెటర్ రాసింది ఎవరు?" అని ఇప్పటికీ అడుగుతుంది.

అందుకే నా సలహా ఏంటంటే, మందు మీరే చెప్పకండి. నొప్పి చెప్పండి. "స్పీడ్ బ్రేకర్ కావాలి" అంటే ఆయనకు సులువు, ఒక ట్రాక్టర్ తారుతో మీ ఓట్లు వచ్చేస్తాయి. "సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది మధ్య ఇక్కడ రోడ్డు దాటలేకపోతున్నాం, ఎందుకో వచ్చి చూడండి" అనండి. ఇంజనీర్‌ని వెంటబెట్టుకొస్తారా లేదా గమనించండి.

ఇంకొకటి, నాకు తర్వాత తట్టింది. ఒకే ప్రశ్న రెండు చోట్ల అడిగించండి. ఆ డివైడర్ గ్యాప్ మూయిస్తానని డప్పులాయన మా అసోసియేషన్ హాల్లో అందరి ముందూ అన్నాడు. అదే వారం రోడ్డుకి అటువైపు షాపుల వాళ్ళ మీటింగ్‌లో, గ్యాప్ ముట్టుకోనివ్వనని మాటిచ్చాడట. హార్డ్‌వేర్ షాపాయనే తర్వాత నవ్వుతూ చెప్పాడు. షాపాయన్ని తప్పుపట్టలేం, గ్యాప్ మూస్తే గిరాకీ అరకిలోమీటర్ తిరిగి రావాలి. రోడ్డు సేఫ్ చేయడమంటే ఎవరో ఒకరి పార్కింగ్ పోవాలి, ఎవరో ఒకరికి చుట్టు తిరుగుడు పెరగాలి. "ఎవరికి కాదని చెప్తారు?" అని మీ అభ్యర్థిని సూటిగా అడగండి. ఆ ప్రశ్నకు ముఖం మారకుండా ఒక్క పేరైనా చెప్తే, ఆయన పార్టీ ఏదైనా నేను ఆలోచిస్తాను.

పార్టీ మేనిఫెస్టోలు చదవడం మానకండి కానీ మీ వీధి అందులో ఉండదు. అఫిడవిట్‌లో ఆస్తులు, కేసులు తెలుస్తాయి, రోడ్ల మీద అభిప్రాయాలు తెలియవు. వీలైతే ఆయన్ని రాత్రి ఏడున్నరకి, జెండాలు లేకుండా, రెండు వందల మీటర్లు మీ ఇంట్లో పెద్దవాళ్ళతో కలిసి నడవమనండి.

మా దగ్గర ఇప్పటి పరిస్థితి అడుగుతారేమో. ఆ స్పీడ్ బ్రేకర్‌ని నా భార్య కట్టు విప్పేలోపే చెక్కి తీసేశారు. లైట్లు వెలుగుతున్నాయి. బజ్జీల బండి ఉంది. డివైడర్ గ్యాప్‌లో రెండు ప్లాస్టిక్ డ్రమ్ములు పెట్టారు, మధ్యలోంచి బైకులు దూరుతున్నాయి.