ఉక్కపోత రోజుల్లో ఇంటి వైద్యం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఉక్కపోత గురించే. వాటిలో అయిదింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మా మావగారికి 68 ఏళ్ళు. రోజూ పొద్దున్నే విశాఖ ఆర్కే బీచ్‌లో గంటసేపు నడుస్తారు. వేసవి మొదలైనప్పటి నుంచి ఇంటికి రాగానే కళ్ళు తిరుగుతున్నాయంటున్నారు. రాత్రిళ్ళు పిక్కలు పట్టేస్తున్నాయి. రాగానే లీటరు నీళ్ళు గటగటా తాగేస్తారు. బీపీ మాత్ర వాడుతున్నారు. కొబ్బరి బొండం, ఉప్పు మజ్జిగ రోజూ ఇవ్వొచ్చా?
— ఒక గృహిణి, ఎం.వి.పి. కాలనీ

జవాబు: బొండం సంగతి తర్వాత, ముందు ఆ మాత్ర అట్ట మీద ఏముందో చదవండమ్మా. హైడ్రోక్లోరోథయాజైడ్ అనో, క్లోర్‌థాలిడోన్ అనో ఉంటే అది ఉప్పునీ నీళ్ళనీ మూత్రంలోకి పంపించే మందు. పైన చెమటలో ఉప్పు పోతుంది, లోపల మాత్ర కొంత పంపేస్తుంది. ఆపైన వట్టి నీళ్ళు లీటరు ఒక్కసారే పడితే రక్తంలో మిగిలిన ఉప్పు ఇంకా పలచబడుతుంది. కళ్ళు తిరగడానికీ పిక్కలు పట్టడానికీ ఇది కారణం కావచ్చు. మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపకండి.

ఇంట్లో బీపీ మిషన్ ఉంటే ఒక పని చేయండి. ఆయన్ని అయిదు నిమిషాలు కూర్చోబెట్టి చూడండి. లేచి నిలబడ్డాక ఒకటో నిమిషంలో ఒకసారి, మూడో నిమిషంలో ఒకసారి చూడండి. పై అంకె 20 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడిపోతే, ఆ కాగితం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. వేసవిలో మోతాదు తగ్గించాలో లేదో ఆయన తేలుస్తారు.

మజ్జిగ మంచిదే. పావు గ్లాసు పెరుగుకి ముప్పావు గ్లాసు నీళ్ళు, రెండు వేళ్ళకి వచ్చినంత ఉప్పు చాలు. నడకకి ముందు ఒక గ్లాసు మంచినీళ్ళు, వచ్చాక ఈ మజ్జిగ అరగంటలో నెమ్మదిగా. బీపీ ఉన్నవాళ్ళకి ఉప్పు ఇంతకు మించకూడదు.

బొండం నీళ్ళలో సోడియం కన్నా పొటాషియం చాలా ఎక్కువ. ఒక బొండంలో అరటిపండులో ఉన్నంత, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే ఉంటుంది. మూత్రపిండాలు బాగున్నవారికి రోజుకొకటి ఫరవాలేదు. టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్, స్పైరొనోలాక్టోన్ లాంటి మందులు పొటాషియాన్ని ఒంట్లోనే ఆపుతాయి. వాటిలో ఏది వాడుతున్నా, క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు తెలిపే రక్తపరీక్ష అంకె) ఎక్కువని ఎప్పుడైనా చెప్పినా, బొండం రోజువారీ అలవాటు చేసే ముందు రక్తపరీక్ష చేయించండి.

ఇంకొక్క మాట. విశాఖలో 35 డిగ్రీలే ఉన్నా ప్రాణం విసిగిపోయేది గాలిలో తేమ వల్ల. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది. ఆరకుండా కారిపోతే ఉప్పూ నీళ్ళూ పోవడమే గానీ చల్లదనం రాదు. తెల్లవారుజామున ఎండ లేకపోయినా తేమ బాగా ఎక్కువ, సముద్రపు గాలి ఇంకా లేచి ఉండదు. అందుకని గంట నడకని రెండు అరగంటలు చేసి, మధ్యలో కూర్చోమనండి. రాగానే తడి తువ్వాలుతో మెడ, చేతులు, వీపు తుడిచి ఫ్యాన్ కింద కూర్చోబెట్టండి. చెమట చేయలేని పని ఆ తడి చేస్తుంది.

ప్రశ్న: మా నాలుగేళ్ళ బాబుకి విరేచనాలైతే పంచదార, ఉప్పు, నిమ్మరసం కలిపి ఇస్తాను. ఈసారి ఇచ్చిన కొద్దీ ఎక్కువయ్యాయి. కొలత తప్పిందా? షాపులో దొరికే డబ్బా డ్రింకులు మేలా?
— ఒక తల్లి, గోపాలపట్నం

జవాబు: కొలత తప్పే ఉంటుంది, పంచదార ఎక్కువై ఉంటుంది. పేగులో తీపి ఎక్కువైతే అది ఒంట్లోంచే నీళ్ళని పేగులోకి లాగుతుంది, విరేచనం ఇంకా పలచనవుతుంది. ఉప్పు ఎక్కువైతే ఇంకా ప్రమాదం, బిడ్డ రక్తంలో సోడియం పెరిగిపోతుంది.

సరైన కొలత ఇది: కాచి చల్లార్చిన లీటరు నీళ్ళు, ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు. చెంచా అంటే మందు సీసాతో వచ్చే 5 మిల్లీలీటర్లది. కూరల్లో వాడే చెంచా కాదు. పైన గోపురం లేకుండా చాకు వీపుతో సమంగా గీసేయాలి. గళ్ళుప్పు అయితే మెత్తగా దంచి కొలవండి, గళ్ళ మధ్య ఖాళీ ఉండి కొలత మారిపోతుంది. నీళ్ళు గ్లాసులతో అంచనా వేయకుండా లీటరు సీసాతోనే కొలవండి. కలిపాక రుచి చూడండి, కన్నీళ్ళకన్నా ఉప్పగా ఉంటే పారబోసి మళ్ళీ కలపండి. నిమ్మరసం రుచికే.

దీనికన్నా మెడికల్ షాపులో దొరికే ఓఆర్ఎస్ పొడి మేలు. అందులో పొటాషియం కూడా ఉంటుంది. అట్ట వెనక సోడియం క్లోరైడ్ 2.6, గ్లూకోజ్ 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు, లీటరుకి అని ఉందో లేదో చూసి కొనండి. పెద్ద ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్ళలో ఒకేసారి కలపాలి. కొంచెం కొంచెం పొడి తీసి గ్లాసులో కలపడమే చాలా ఇళ్ళలో జరిగే పొరపాటు, లవణాలన్నీ పొడిలో సమానంగా కలిసి ఉండకపోవచ్చు. కలిపినది 24 గంటల తర్వాత పారబోయండి.

తియ్యటి డబ్బా డ్రింకులు వద్దు. ఈ సూత్రానికి సరిపోని పానీయాల పేరులో ఓఆర్ఎస్ అన్న మాట ఉండకూడదని 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది కూడా.

ప్రతి విరేచనం తర్వాత ఈ వయసుకి అర గ్లాసు నుంచి గ్లాసు, అంటే 100 నుంచి 200 మిల్లీలీటర్లు. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, చెంచాతో రెండు మూడు నిమిషాలకొకసారి పట్టండి. జింక్ మాత్ర 20 మిల్లీగ్రాములది రోజుకొకటి, విరేచనాలు తగ్గినా 10 నుంచి 14 రోజులు వేయాలి. తిండి ఆపొద్దు, పెరుగన్నం పెట్టండి.

1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా ప్రబలి సెలైన్ సరిపోనప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ఉప్పు, గ్లూకోజ్ నీళ్ళతోనే ఎందరినో బతికించారు. నోటితో తాగించేదే కదా అని చిన్నచూపు చూడకండి. అయితే బాబు ఏడ్చినా కన్నీళ్ళు రాకపోయినా, ఆరు గంటలుగా మూత్రం పోయకపోయినా, మగతగా ఉన్నా, విరేచనంలో నెత్తురు కనబడినా ఇంట్లో ఆగకండి.

ప్రశ్న: చోడి (రాగిపిండి) అంబలి ఒకరోజు ఉండలు కడుతుంది, ఒకరోజు మరీ పులిసిపోతుంది. సరిగ్గా ఎలా కాచాలి? షుగరు ఉన్నవాళ్ళు ఎంతైనా తాగొచ్చంటున్నారు, నిజమేనా?
— ఒక పాఠకుడు, కంచరపాలెం

జవాబు: నలుగురికి కొలత చెబుతాం. నాలుగు పెద్ద చెంచాల చోడి పిండిని రాత్రి గ్లాసు చన్నీళ్ళలో కలిపి మూత వారగా పెట్టండి. చలికాలంలో పదీ పన్నెండు గంటలు పట్టే పులుపు మే నెలలో ఆరేడు గంటలకే వచ్చేస్తుంది. సాయంత్రం ఆరింటికి నానబెట్టి పొద్దున్నే చూస్తే మీరన్నట్టే అవుతుంది. పడుకునే ముందు కలపండి.

పొద్దున్న గుప్పెడు నూకలు మూడు గ్లాసుల నీళ్ళలో మెత్తగా ఉడికించి, మంట తగ్గించి, పులిసిన పిండిని అడుగునుంచి కలిపి సన్నని ధారగా పోస్తూ గరిటె తిప్పుతూనే ఉండండి. పొడిపిండి వేడినీళ్ళలో పడితే పైపొర వెంటనే ఉడికి లోపలి పిండిని మూసేస్తుంది. ఉండ అంటే అదే. ఎనిమిది పది నిమిషాలకి రంగు ముదిరి పచ్చివాసన పోతుంది. పూర్తిగా చల్లారాకే రెండు గ్లాసుల మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ ముక్కలు, పచ్చిమిర్చి. వేడి మీద పోస్తే మజ్జిగ విరిగిపోతుంది. కుండ గానీ స్టీలు గానీ వాడండి. కళాయి లేని ఇత్తడి, రాగి గిన్నెలు పులుపుకి పనికిరావు. జిగురుగా తీగలు సాగినా, పైన గులాబీ రంగో నల్ల బూజో కనిపించినా మొత్తం పారబోయాల్సిందే. పైది తీసేసి కింది అంబలి తాగకూడదు.

చోళ్ళు బలమైన తిండే, 100 గ్రాములలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. కానీ షుగరు ఉన్నవాళ్ళు ఎంతైనా తాగొచ్చన్నది తప్పు. చోళ్ళలోనూ పిండిపదార్థమే ఎక్కువ. మెత్తగా విసిరి, పలచగా కాచిన అంబలి ముద్దకన్నా తొందరగా అరిగి షుగరు పెంచుతుంది. ఒక గ్లాసుతో ఆపి, ఆ పూట ఇడ్లీ మానేయండి. నూకలు వేయకండి. తాగిన రెండు గంటలకి గ్లూకోమీటరుతో చూసుకుంటే మీకు ఎంత సరిపడుతుందో తెలిసిపోతుంది.

ప్రశ్న: ఎనిమిది నెలల పాపకి మెడ, వీపు నిండా చెమటకాయలు. ముంజె నీళ్ళు రాయమంటున్నారు. పౌడరు, వేపనూనె రాస్తున్నాం.
— మధురవాడ

జవాబు: పౌడరు, నూనె రెండూ ఇవాళే ఆపండి. మూసుకుపోయిన చెమట దారుల మీద ఇంకో పూత అవుతాయవి. పైగా పౌడరు పాప ఊపిరిలోకి పోతుంది. వేపనూనె పొరపాటున నోట్లోకి వెళ్తే పసిపిల్లలకి ఫిట్స్ వచ్చేంత ప్రమాదం. ముంజె నీళ్ళు చల్లగా ఉంటాయి గనక హాయినిస్తాయి, రాస్తే పది నిమిషాల్లో కడిగేయండి, ఆ తీపి జిగురు ఒంటి మీద ఉండకూడదు. రోజుకి రెండుసార్లు సబ్బు లేకుండా స్నానం, మెడ మడతలు అద్ది ఆరబెట్టడం, పలచని నూలు జుబ్బా, ఫ్యాన్ గాలి. రెండు మూడు రోజుల్లో తగ్గుముఖం పడతాయి. చీము పట్టినా జ్వరం వచ్చినా డాక్టరుకి చూపించండి.

ప్రశ్న: జలుబుకి మరిగే నీళ్ళలో కర్పూరం వేసి పిల్లలకి ఆవిరి పట్టొచ్చా?
— గాజువాక

జవాబు: వద్దు. దుప్పటి కింద గిన్నె తిరగబడి తొడలూ పొట్టా కాలిన పిల్లలు ఆసుపత్రులకి వస్తూనే ఉంటారు. కర్పూరం చిన్న ముక్క మింగినా ఫిట్స్ రావచ్చు. ముక్కు పట్టేస్తే సెలైన్ చుక్కలు రెండేసి వేయండి. ఏడాది దాటిన పిల్లలకి దగ్గుంటే పడుకునే ముందు అర చెంచా తేనె ఇవ్వొచ్చు. ఏడాదిలోపు పిల్లలకి తేనె నాకించడం కూడా కూడదు, బొట్యులిజం అనే జబ్బు తెచ్చే క్రిమి బీజాలు అందులో ఉండవచ్చు.