ఢీకొట్టకుండానే మారిపోయే న్యూట్రినో

ప్రశ్న: న్యూట్రినోలు దేన్నీ తాకకుండా భూమిలోంచి కూడా దూసుకుపోతాయని చదివాను. మళ్లీ అవే సూర్యుడిలోని పదార్థం వల్ల రకం మారిపోతాయని ఇంకోచోట రాశారు. తాకనిది ఎలా మారుతుందండీ? రెంట్లో ఏదో ఒకటి తప్పు కదా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: రెండూ నిజమే. న్యూట్రినో అంటే విద్యుదావేశం లేని, అతి తేలికైన సూక్ష్మకణం. తిరకాసంతా ‘తాకడం’ అనే మాటలోనే ఉంది. గ్లాసు నీళ్లలో చెంచా పెడితే వంగినట్టు కనిపిస్తుంది కదా, కాంతిని నీళ్లు మింగేయలేదు, మధ్యలో ఆపలేదు, అయినా నీళ్లలో ఉన్నంతసేపూ దాని నడక మారింది. న్యూట్రినోకి జరిగేదీ ఇలాంటిదే. అది దేన్నైనా ఢీకొనడం మహా అరుదు (మీ బొటనవేలి గోరంత చోటులోంచి సెకనుకు దాదాపు 6,500 కోట్ల సూర్య న్యూట్రినోలు పోతున్నాయి, మీకేమైనా తెలిసిందా?), కానీ దారిలో ఉన్న ఎలక్ట్రాన్లన్నీ కలిసి దాని అలను (ఇంత చిన్న కణాలు అలల్లా కూడా నడుస్తాయి) కొద్దికొద్దిగా జరుపుతాయి. న్యూట్రినో పదార్థంతో వ్యవహరించేది ‘బలహీన బలం’ అనే దానితో, దాని తీవ్రతను చెప్పేది చాలా చిన్న సంఖ్య. ఢీకొనే అవకాశం ఆ సంఖ్య వర్గాన్ని బట్టి ఉంటుంది, అంటే చిన్నదాన్ని మళ్లీ చిన్నదానితో గుణించాలి. ఈ జరపడానికి మాత్రం ఆ సంఖ్య ఒక్కసారి చాలు. అందుకే ఢీకొనడం లెక్కలోకి రాని చోట కూడా ఇది లెక్కలోకి వస్తుంది.

ఎలక్ట్రాన్, మ్యూయాన్, టావ్ అని న్యూట్రినోల్లో మూడు రకాలు, వీటినే ఫ్లేవర్లు అంటారు. ఒక్కో ఫ్లేవరూ మూడు వేర్వేరు ద్రవ్యరాశుల అలల మిశ్రమం. తంబురలో రెండు తీగలు శ్రుతికి వెంట్రుకవాసి తేడాగా ఉంటే నాదం పెరుగుతూ తగ్గుతూ వినిపిస్తుంది, శూన్యంలో ఫ్లేవర్ మారడం ఆ ధోరణిలోనిదే. మామూలు పదార్థంలో ఎలక్ట్రాన్లే తప్ప మ్యూయాన్లూ టావ్‌లూ ఉండవు కాబట్టి, ఆ అదనపు తోపుడు ఎలక్ట్రాన్ న్యూట్రినోకి మాత్రమే తగులుతుంది, మిశ్రమం పాళ్లు మారిపోతాయి. ఈ సంగతి 1978లో భౌతిక శాస్త్రవేత్త వుల్ఫెన్‌స్టైన్ చెప్పాడు, 1985లో రష్యన్ శాస్త్రవేత్తలు మిఖెయెవ్, స్మిర్నోవ్ దాన్ని సూర్యుడికి వర్తింపజేశారు.

ఇక్కడ చాలా వ్యాసాలు తప్పుదోవ పట్టిస్తాయి. ఎక్కువ శక్తి ఉన్న సూర్య న్యూట్రినోలు దారంతా అటూ ఇటూ ఊగుతూ వస్తాయనుకోకండి. సూర్యుడి నడిమధ్య సాంద్రత నీటికి సుమారు 150 రెట్లు, అక్కడ పుట్టిన ఎలక్ట్రాన్ న్యూట్రినో ఆ తోపుడు వల్ల బరువైన అలగా మొదలవుతుంది. బయటికి వచ్చేకొద్దీ సాంద్రత నెమ్మదిగా తగ్గుతుంది కాబట్టి అది ఆ అలను వదలకుండానే బయటపడుతుంది. తీరా బయట చూస్తే ఆ అలలో ఎలక్ట్రాన్ వాటా 30 శాతమే! అమెరికాలో ఒక బంగారు గనిలో 615 టన్నుల డ్రై క్లీనింగ్ ద్రవం పెట్టుకుని (అది పట్టుకోగలిగేది ఎలక్ట్రాన్ రకాన్నే) శాస్త్రవేత్త రే డేవిస్ ఏళ్ల తరబడి వెతికితే, లెక్క ప్రకారం రావలసినవాటిలో మూడో వంతే దొరికాయి, పాపం ఆయన ప్రయోగాన్నే అనుమానించినవాళ్లున్నారు. 2002లో కెనడాలోని సడ్‌బరీ న్యూట్రినో ప్రయోగశాల వాళ్లు భారజలంతో (బరువైన హైడ్రోజన్ ఉన్న నీరు) మూడు రకాలనూ కలిపి లెక్కపెడితే మొత్తం సరిపోయింది. తక్కువ శక్తివాటి మీద ఈ తోపుడు పెద్దగా పనిచేయదు, అందుకే వాటిలో సగానికి పైగా ఎలక్ట్రాన్ రకంగానే చేరతాయి.

ఇక భూమి సంగతి. రాత్రిపూట సూర్యుడు మన కాళ్ల కింద ఉంటాడు, న్యూట్రినోలు నేలలోంచి పైకి వస్తూ దారిలో కొన్ని మళ్లీ ఎలక్ట్రాన్ రకానికి తిరుగుతాయి. జపాన్‌లోని సూపర్ కామియోకాండే న్యూట్రినో ప్రయోగశాల, 50,000 టన్నుల నీళ్ల ట్యాంకుతో, పగటికన్నా రాత్రి సుమారు 3 శాతం ఎక్కువ కనిపిస్తున్నట్టు 2014లో చెప్పింది.