వైజాగ్‌లో .32 పిస్టల్ కొనేవాళ్లు బ్రాండ్ కంటే ముందు చూడాల్సినవి

మధురవాడలో ఉండే ఒక వ్యాపారస్తుడు అడిగిన ప్రశ్న ఇది. లైసెన్స్ చేతికొచ్చింది, .32లో సెమీ ఆటోమేటిక్ పిస్టల్ కొనాలి, ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ కొత్త పిస్టల్ తీసుకోవాలా, లేక ఎవరైనా అమ్ముతున్న పాత ఫారిన్ పిస్టల్, వాల్తరో కోల్టో దొరికితే దానికి వెళ్లాలా, రెండిట్లో ఏది మేలు అని.

నా జవాబు ముందే చెప్పేస్తాను. స్లైడ్, అంటే పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ కదిలే భాగం, మీ చేత్తో పూర్తిగా వెనక్కి రావాలి, ఆ పిస్టల్‌ని మీరు వారానికోసారి విప్పి తుడవగలగాలి. ఈ రెండూ కుదిరితే అది మంచి పిస్టల్. ఏ దేశంలో తయారైంది, మ్యాగజైన్‌లో తూటాలు ఏడు పడతాయా ఎనిమిది పడతాయా అన్నవి ఆ తర్వాతి సంగతులు. ఇలాంటి ప్రశ్న ఎవరు అడిగినా జనం బ్రాండ్ల గురించే చెబుతారు తప్ప, పట్టుకునే చెయ్యి గురించి గానీ మన సముద్రపు గాలి గురించి గానీ ఒక్కరూ చెప్పరు.

నేను నేవీలో గన్నరీ బ్రాంచిలో పనిచేసి రిటైరయ్యాను, మల్కాపురంలో ఉంటాను. సర్వీసులో మాకు ఉండేది ఇషాపూర్‌లో తయారయ్యే 9 ఎంఎం, పదమూడు రౌండ్ల మ్యాగజైన్. దానికి అలవాటు పడ్డ మా బ్యాచ్ వాళ్లలో కొందరు బయటికి వచ్చాక కూడా అదే కావాలంటారు. మామూలు లైసెన్స్ మీద అది రాదు, ప్రొహిబిటెడ్ బోర్, అంటే మామూలు జనానికి నిషేధించిన సైజు, దానికి కేంద్ర హోం శాఖ దాకా వెళ్లాలి. కాబట్టి గ్లాక్‌నీ సిగ్‌నీ పక్కపక్కన పెట్టి పోల్చే అమెరికా వీడియోలు గంటల తరబడి చూసి బుర్ర పాడుచేసుకోకండి, అందులో మనకు పనికొచ్చేది దాదాపు ఏమీ ఉండదు. మనలాంటి వాళ్లకి మిగిలింది ముఖ్యంగా .32.

ఈ .32 ఏసీపీ తూటా 1899లో జాన్ బ్రౌనింగ్ తెచ్చింది. బలం తక్కువ తూటా కాబట్టి ఈ సైజు పిస్టళ్లలో చాలావాటికి బ్యారెల్‌నీ స్లైడ్‌నీ కలిపి పట్టే లాకింగ్ ఉండదు, పేలినప్పుడు స్లైడ్ బరువు, స్ప్రింగ్ బిగువు, ఈ రెండే వెనక్కి తన్నే ఊపుని ఆపాలి. అందుకే తూటా చిన్నదే అయినా స్ప్రింగ్ మాత్రం మొండిగా ఉంటుంది. మేము వాడిన 9 ఎంఎం కంటే కొన్ని చిన్న .32 పిస్టళ్లను కాక్ చేయడమే, అంటే స్లైడ్ లాగి సిద్ధం చేయడమే కష్టం. షాపులో ఈ మాట మీకు ఎవరూ చెప్పరు, ఎందుకంటే మీరు గాజు పలక మీద పెట్టిన పిస్టల్ మెరుపు చూస్తుంటారు, షాపాయన మీ మొహం చూస్తుంటాడు.

మా అక్క భర్త సంగతి చెబుతాను. బావగారిది కురుపాం మార్కెట్‌లో బంగారం వ్యాపారం, అరవై దాటాయి. లైసెన్స్ వచ్చాక ఆయన ఒక డీలర్ దగ్గరికి నన్ను వెంటబెట్టుకుని వెళ్లారు. అక్కడ మూడు పిస్టళ్లు తీసి పెట్టారు. ఒకటి ఆర్డినెన్స్ వాళ్ల కొత్తది, ఒకటి కోల్ట్ 1903, ఇంకొకటి ఎవరో పెద్దాయన పోయాక పిల్లలు అమ్మకానికి ఇచ్చిన వాల్తర్ పీపీ. బావగారి కళ్లు వాల్తర్ మీదే ఉన్నాయి, మిగతా రెండింటినీ ముట్టుకోలేదు కూడా. షాపు కుర్రాడు మ్యాగజైన్ లాగేసి "ఖాళీయే సార్, చూడండి" అని ఆయన చేతికి ఇవ్వబోయాడు. నేను మధ్యలో అందుకుని, గోడ వైపు తిప్పి, స్లైడ్ వెనక్కి లాగి చాంబర్‌లో, అంటే తూటా పేలే గదిలో, వేలు పెట్టి చూశాను. లోపల ఏమీ లేదు. కానీ ఆ కుర్రాడు చూడకుండానే ఖాళీ అన్నాడు, నాకు ఒళ్లు మండింది అక్కడే. మ్యాగజైన్ తీసినంత మాత్రాన పిస్టల్ ఖాళీ కాదు, చాంబర్‌లో ఒక రౌండ్ మిగిలి ఉండొచ్చు, చాలా పాత మోడళ్లు మ్యాగజైన్ లేకపోయినా పేలతాయి. ముందు మ్యాగజైన్ తీయాలి, ఆ తర్వాతే స్లైడ్ లాగాలి. వరస మారితే మ్యాగజైన్‌లోంచి కొత్త రౌండ్ పైకెక్కి కూర్చుంటుంది, మీరేమో ఖాళీ చేశానని అనుకుంటారు. పిస్టళ్లతో జరిగే ప్రమాదాలకు మొదటి కారణం ఇదే అని నేను రాసిస్తాను. అమ్మేవాడు మీ కళ్ల ముందు చాంబర్ చూసి ఇవ్వకపోతే అక్కడ కొనొద్దు.

సరే, బావగారు వాల్తర్ తీసుకుని బొటనవేలు, చూపుడువేలు మధ్య స్లైడ్‌ని పట్టుకుని లాగారు. సగం దాకా వచ్చి జారిపోయింది. మళ్లీ లాగారు, మళ్లీ అంతే. ఎన్నో ఏళ్లు చిన్న చిన్న పనులు చేసిన వేళ్లు, కీళ్ల దగ్గర వాచి ఉంటాయి. నేను పద్ధతి చూపించాను: స్లైడ్ మీద అరచెయ్యి మొత్తం వేసి గట్టిగా పట్టుకుని, దాన్ని లాగడం కాకుండా కింది చెయ్యిని ముందుకు తొయ్యాలి. అలా చేస్తే కోల్ట్ వచ్చింది, ఆర్డినెన్స్‌ది కష్టం మీద వచ్చింది, వాల్తర్ మాత్రం చివరి అంగుళం రాలేదు. షాపాయన "వాడగా వాడగా స్ప్రింగ్ మెత్తబడుతుంది సార్" అన్నాడు. ఆ వాల్తర్ వయసు బావగారి వయసంత ఉంటుంది, ఇంకెప్పుడు మెత్తబడుతుంది?

తర్వాత ఖాళీ పిస్టల్‌తో ట్రిగర్ నొక్కి చూడనిమ్మని అడిగాం. వాల్తర్ డబుల్ యాక్షన్, అంటే సుత్తి వెనక్కి ఎత్తకుండానే ట్రిగర్ నొక్కి పేల్చొచ్చు, కానీ ఆ మొదటి నొక్కుడు పొడవుగా, బరువుగా ఉంటుంది. బావగారు నొక్కేసరికి బ్యారెల్ మూతి కిందికి వంగిపోయింది. కోల్ట్‌ది సింగిల్ యాక్షన్, అంటే సుత్తి ముందే ఎత్తి ఉండాలి, నొక్కుడు తేలిక, కానీ రౌండ్ ఎక్కించి పెట్టుకుంటే లోపల సుత్తి ఎత్తే ఉంటుంది, చిన్న సేఫ్టీ మీద నమ్మకం పెట్టి నడుముకు కట్టుకోవాలి. నాకు సర్వీసులో అలవాటైన విషయం, ఆయనకు కాదు. బయటికొచ్చాక "షాపు వాళ్ల ముందు నా పరువు తీశావు బామ్మర్దీ" అని బావగారు కోప్పడ్డారు. ఆయన కోపం రెండు రోజుల్లో పోతుందిలే అనుకుని, మీరు పట్టలేని పిస్టల్‌ని నడుముకు కట్టుకుని రాత్రిపూట సరుకుతో తిరిగితే మా అక్క సంగతేంటని గట్టిగానే చెప్పాను. చివరికి ఆయన కాన్పూర్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ .32 రివాల్వర్ తీసుకున్నారు. స్లైడ్ లేదు, లాగేది లేదు, డ్రమ్ము తెరిస్తే ఎన్ని ఉన్నాయో కంటికి కనిపిస్తాయి. నన్నడిగితే వ్యాపారం చేసుకునే చాలామందికి అదే సరైనది. పిస్టల్ అన్నది దానికి టైమ్ ఇచ్చేవాడి చేతిలోనే పనిచేస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. లైసెన్స్ మీద .32 అని మాత్రమే ఉంటుంది కాబట్టి తూటాలన్నీ ఒకటే అనుకుంటారు. పిస్టల్‌కి .32 ఏసీపీ, మన రివాల్వర్లకి .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్, ఇవి వేరు వేరు తూటాలు. ఇంకోటి, ఏసీపీ తూటా అడుగున అంచు కాస్త బయటికి ఉంటుంది. మ్యాగజైన్ నింపేటప్పుడు పై తూటా అంచు కింది తూటా అంచుకి ముందు వైపే ఉండేలా పెట్టాలి, వెనక పడితే రెండూ పట్టేసుకుని పిస్టల్ జామ్ అవుతుంది. ఇది పిస్టల్ తప్పు కాదు, నింపినవాడి తొందర.

ఇప్పుడు మన గాలి. బీచ్ వైపు ఉన్నవాళ్లకి నేను చెప్పక్కర్లేదు, గేట్లు, కిటికీ ఊచలు, ఏసీ బయటి డబ్బాలు, ఏవైనా ఇక్కడ తుప్పు పట్టినంత త్వరగా లోపలి ఊళ్లలో పట్టవు. పాత పిస్టళ్లకి ఉండే నల్లటి బ్లూయింగ్ పూత చూడ్డానికి అందంగా ఉంటుంది కానీ ఉప్పు గాలికి, చేతి చెమటకి అది పెద్ద అడ్డు కాదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు లాసన్స్ బే వైపు నాకు తెలిసిన ఒకాయన ఇంట్లోకి వాన నీళ్లు కొట్టాయి, కరెంటు లేదు, ఇల్లంతా తడి, ఆ గొడవలో బీరువాలో తోలు హోల్‌స్టర్‌లో పెట్టిన పిస్టల్ సంగతి ఎవరికి గుర్తుంటుంది. తీసి చూసేసరికి తోలు ఆనుకున్న వైపంతా గుంటలు పడి ఉంది. తోలు తడిని పీల్చి పట్టుకుంటుంది, హోల్‌స్టర్ తిరిగేటప్పుడు వాడాలి తప్ప అందులో పెట్టి దాచకూడదు. పలచగా నూనె రాసిన నూలు గుడ్డలో చుట్టి, పక్కన సిలికా జెల్ పొట్లాలు వేసి, లాకర్‌లో పెట్టండి. బ్యారెల్‌లో చిందీ (తుడిచే గుడ్డ ముక్క) లాగడం వారానికోసారి, వానాకాలంలో ఇంకా తరచుగా. కొనేముందు షాపులోనే పిస్టల్ విప్పి మళ్లీ బిగించి చూపించమనండి, తర్వాత మీరు విప్పండి. అక్కడ రాకపోతే ఇంట్లో అసలే రాదు, రానిది మీరు తుడవరు.

ఇంకో విషయం ఎవరూ లెక్కలోకి తీసుకోరు: ఎన్నికలు. కోడ్ రాగానే మనలో చాలామంది ఆయుధాన్ని స్టేషన్‌లో డిపాజిట్ చేయాల్సి వస్తుంది. 2024లో మార్చి 16న కోడ్ వచ్చింది, జూన్ 4న కౌంటింగ్. అంటే వైజాగ్ ఎండాకాలం మొత్తం, ఆ ఉక్కలో, మీ పిస్టల్ మీ చేతిలో ఉండదు. నేను శుభ్రం చేసి, నూనె గుడ్డలో చుట్టి, కవర్‌లో పెట్టి ఇచ్చాను. తిరిగి ఇచ్చేటప్పుడు గుడ్డా లేదు, కవరూ లేదు, స్లైడ్ మీద ఎర్రటి చార. అడిగితే "మీదొక్కటే ఉందా ఇక్కడ" అన్నారు. చట్టాన్ని గౌరవించి మొదటి రోజే తెచ్చి అప్పగించినవాడికి ఆ మాత్రం మర్యాద ఉండాలి కదా. డిపాజిట్ చేసేటప్పుడు ఫొటోలు తీసుకోండి, రసీదు మీద నంబర్ సరిగా పడిందో లేదో చూసుకోండి. లక్షలు పోసిన పాత వాల్తర్‌ని ఇలా నెలల తరబడి ఎవరి బీరువాలోనో వదిలి నిద్రపోగలరా అన్నది కూడా ఆలోచించుకోండి. నేనైతే పోలేను.

ఫారిన్ పిస్టళ్ల ధర అలా ఉండడానికి కారణం నాణ్యత ఒక్కటే కాదు. 1980ల మధ్య నుంచి మామూలు మనుషులు బయటి నుంచి తుపాకీ తెప్పించుకోవడం ఆగిపోయింది, ఉన్నవే చేతులు మారుతున్నాయి. కోల్ట్ 1903 తయారీ 1940ల్లోనే ముగిసింది, మీకు దొరికేది ఎనభై ఏళ్లు దాటిన ముక్క. ఫైరింగ్ పిన్ విరిగితే, ఖాళీ తొడుగుని బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ పోతే కొత్తది షెల్ఫ్‌లో ఉండదు, ఎవరిచేతనైనా చేయించాలి. ఒరిజినల్ మ్యాగజైన్ ఒక్కటే ఉండి తూటాని పట్టి ఉంచే దాని పై పెదవులు వంగి ఉంటే మీరు కొన్నది పేపర్ వెయిట్. అయినా కొంటామంటే బ్యారెల్‌లోకి టార్చి వేసి గుంటలు చూడండి, పిస్టల్ మీద నంబర్, అమ్మేవాడి లైసెన్స్‌లో నంబర్ అక్షరం అక్షరం కలవాలి. కొత్తదానికీ ఖర్చు పెరిగింది, 2025 సెప్టెంబర్‌లో పిస్టళ్ల మీద జీఎస్టీ 28 నుంచి 40 శాతం అయింది. ప్రాణభయంతో కొనుక్కునేవాడి మీద ఇంత పన్ను నాకు న్యాయంగా అనిపించదు.

నాకు అంతకంటే బాధ కలిగించేది కొన్నాక ఒక్కసారి కూడా ప్రాక్టీస్ చేయనివాళ్లు. 2016 రూల్స్ ప్రకారం ఆయుధం వాడే శిక్షణ తీసుకున్నట్టు ఎస్-1 సర్టిఫికెట్ పెట్టాలి, దాన్ని చాలామంది ఒక కాగితంలాగే చూస్తారు. పెళ్లిలో గాలిలోకి కాల్చడానికి మాత్రం పిస్టల్ బయటికొస్తుంది. 2019 సవరణ తర్వాత దానికి రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా ఉన్నాయి, ఉండాలి కూడా. మన దగ్గర సామాన్యుడు .32తో ప్రాక్టీస్ చేసుకునే చోటు దొరకడం కష్టం, నిజమే. అందుకే ముందు ఒక .177 ఎయిర్ పిస్టల్ కొనండి. పెల్లెట్ బయటికొచ్చే శక్తి 20 జౌల్స్ లోపు అయితే లైసెన్స్ అక్కర్లేదు. ఇంట్లోనే, పెల్లెట్లను పట్టే గట్టి ట్రాప్ పెట్టి, పది మీటర్ల దూరంలో రోజూ కాల్చండి. చెయ్యి నిలబడడం, ట్రిగర్ మీద వేలు సాఫీగా కదలడం అక్కడే వస్తాయి. అది వచ్చాక డీలర్ దగ్గరికి వెళ్తే ఏ పిస్టల్ మీదో మీ చెయ్యే చెబుతుంది.

మీ వయసు నలభై లోపు, చేతుల్లో బలముంది, వారానికోసారి కూర్చునే ఓపిక ఉంది అంటే ఆర్డినెన్స్ కొత్తది తీసుకోండి, విడిభాగాల కోసం వెళ్లడానికి ఒక చోటంటూ ఉంటుంది. ఓపిక లేదంటే మొహమాటం లేకుండా రివాల్వర్. డబ్బు కట్టేముందు .32 ఏసీపీ తూటాలు ఇప్పుడు స్టాకులో ఉన్నాయా అని అడగండి, "వచ్చే నెల వస్తాయి సార్" అంటే మీరూ వచ్చే నెలే కట్టండి.