మేనత్తకు రొమ్ము క్యాన్సర్, బావతో సంబంధం: ముందు ఎవరి రక్తం ఇవ్వాలి?

"నాకు 26. మేనత్తకు 41వ ఏట రొమ్ము క్యాన్సర్ తేలింది, తొలి దశే. ఆవిడ కొడుక్కే నన్ను ఇవ్వాలనుకుంటున్నారు. నాన్న వైపు జబ్బు నీకెందుకొస్తుంది అంటున్నారు" అని పాలకొండ నుంచి అడిగారు కదా.

రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు పెంచే బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 జన్యులోపాలు తల్లి నుంచి ఎంతో తండ్రి నుంచీ అంతే వస్తాయి. మేనత్తకు లోపం ఉంటే బావకు ఉండే అవకాశం సగం, మీ నాన్నకూ సగం, మీకు పావు.

అయినా ఈ జన్యులోపాల పరీక్షకు మొదట మీరు రక్తం ఇవ్వకండి, మేనత్త చేత ఇప్పించండి. మీకే మొదట చేసి "ఏమీ లేదు" అని వస్తే, ఇంట్లోనే లోపం లేదా, ఉండి మీకు దిగలేదా అన్నది తేలదు. ఊదారంగు మూత గొట్టంలో 3 నుంచి 5 మి.లీ. చాలు. బయాప్సీ ముక్క మీద చేసిన పరీక్ష దీనికి బదులు కాదు, గడ్డలో మాత్రమే పుట్టిన మార్పులూ అందులో కనబడతాయి. పెద్ద డిలీషన్లు, డూప్లికేషన్లు (జన్యువులో పెద్ద ముక్క ఊడిపోవడం, రెండుసార్లు రావడం) కూడా చూస్తారా అని ల్యాబును అడగండి. ఆవిడకు లోపం దొరికితే మీ నాన్నకు ఆ ఒక్కటే వెతికితే సరి, ఖర్చూ తగ్గుతుంది. ఆయనకు లేకపోతే ఆ లోపం మీకు రాదు. ఇది తరం దాటి దూకదు.

రిపోర్టులో "వీయూఎస్" అని ఉంటే అర్థం తేలని మార్పు అని. దాన్ని పట్టుకుని ఆపరేషన్లకు వెళ్లకూడదు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే.

విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్తే మేనత్త గడ్డ ఏ రకమో చెప్పే ఈఆర్, పీఆర్, హెర్2 రిపోర్టుతోపాటు మూడు తరాల వివరాలు రాసుకెళ్లండి, ఎవరికి ఏ వయసులో ఏం జబ్బో. "కడుపులో నీరు పట్టి పోయింది" అని చెప్పుకునే నానమ్మలుంటే అదీ రాయండి, అండాశయ క్యాన్సర్ కావచ్చు.

ఇక మేనరికం. దానివల్ల ఈ లోపం కొత్తగా పుట్టదు. కానీ ఇద్దరికీ ఒకే బీఆర్‌సీఏ2 లోపం ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు రెండు వైపుల నుంచీ దిగే అవకాశం నాలుగింట ఒకటి. అప్పుడు వచ్చేది ఫాంకోనీ అనీమియా, ఎముక మజ్జ దెబ్బతినే జబ్బు. కాబట్టి నిశ్చితార్థానికి ముందే మేనత్త రిపోర్టు చూడండి. అందులో లోపం ఉంటే బావ, మీ నాన్న పరీక్షలు కూడా.

మీకూ ఉందని తేలితే 25వ ఏట నుంచి ఏటా రొమ్ముకు కాంట్రాస్ట్ ఎమ్మారై (నరంలోకి మందు ఎక్కించి తీసే స్కాన్), 30 నుంచి మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) కూడా. ఎమ్మారైని నెలసరి మొదలైన 7 నుంచి 14 రోజుల మధ్య పెట్టించుకోండి, మిగతా రోజుల్లో లేనిపోని మచ్చలు కనబడి మళ్లీ తిప్పుతారు.