టూరిస్టు రైలెక్కాక ఊళ్లో మిగిలినవాడి సంగతేంటి?

ప్రశ్న: పరాయి దేశానికి టూర్ వెళ్లిన మనిషి అక్కడ ప్రేమలో పడే చిన్న బడ్జెట్ రొమాంటిక్ కామెడీలు నిజంగా నమ్మేలా ఉంటాయా? మీకు నచ్చినవి ఉంటే ఎందుకు నచ్చాయో చెప్పండి.

నమ్మేలా ఉంటాయి. కోట్లు పోసి తీసిన ప్రేమకథల కంటే నాకైతే ఇవే ఎక్కువ నమ్మేలా ఉంటాయి. చేతిలో డబ్బు లేని దర్శకుడు ఇద్దరు మనుషుల్ని రోడ్డు మీద నడిపించి మాట్లాడించడం తప్ప పెద్దగా ఏమీ చేయలేడు, తక్కువ డబ్బుతో టూర్ వెళ్లినవాడు చేసేదీ అదే. బస్సు కోసం నిలబడతారు, దారి తప్పుతారు, భాష రాక చేతులతో మాట్లాడతారు, జేబులో ఎంతుందో లెక్కపెట్టుకుని ఒక ప్లేటు తెప్పించుకుని ఇద్దరూ తింటారు. నవ్వు అక్కడే పుడుతుంది, ప్రేమా అక్కడే పుడుతుంది. దీనికి హెలికాప్టర్ షాట్ ఎందుకు?

కానీ ఒక విషయంలో ఈ సినిమాల మీద నాకు ఎన్నో ఏళ్లుగా కోపం ఉంది. టూరిస్టు వస్తాడు, ఊళ్లో ఒక మనిషి దారి చూపిస్తుంది, రెండు మూడు రోజులు తిరుగుతారు, చివర్లో ఏ స్టేషనో ఎయిర్‌పోర్టో వస్తుంది, కెమెరా టూరిస్టుతో పాటు ఎక్కేసి వెళ్లిపోతుంది. ఊళ్లో మిగిలిన మనిషి ఆ రాత్రి ఇంటికి ఎలా వెళ్లింది, మర్నాడు పనికి ఎలా లేచింది, ఎవరూ చూపించరు. నేను అలా ఊళ్లో మిగిలినవాణ్ణి కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నా.

2012 నవంబర్. డిగ్రీ అయిపోయి బ్యాంకు పరీక్షలకు చదువుకుంటూ, తిరుపతిలో మా మామ లాడ్జిలో రాత్రి డ్యూటీ చేసేవాణ్ణి. బస్టాండ్ దగ్గర సందులో 14 గదుల చిన్న లాడ్జి అది. ముసురు పట్టి మూడు రోజులైంది. ఆ ఏడాది కరెంటు కోతలు ఎలా ఉండేవో అందరికీ గుర్తుండే ఉంటుంది, ఎమర్జెన్సీ ల్యాంపు పెట్టుకుని కౌంటర్లో కూర్చున్నా. ఎనిమిదింటప్పుడు ఒకమ్మాయి లోపలికొచ్చింది. వీపున తడిసిన బ్యాగు, ఒక కాలికి చెప్పు, రెండోది చేతిలో. ఉంగటం తెగిపోయింది. స్పెయిన్ నుంచి వచ్చిందట, తిరువణ్ణామలైలో రెండు వారాలుండి, వేలూరులో బస్సు మారి వచ్చింది. అప్పటికే ఆరు లాడ్జీల్లో గది లేదన్నారు.

ఎందుకు లేదన్నారో తిరుపతి వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఒంటరిగా వచ్చిన మనిషికి మా ఊళ్లో గది దొరకడం మహా కష్టం. ఎవరో ఎప్పుడో గదిలో ఏదో చేసుకున్నారని, పోలీసుల తలనొప్పి మనకెందుకని, వచ్చిన ప్రతి ఒంటరి మనిషినీ అనుమానంగా చూస్తారు. దేవుడి దగ్గరికి ఒక్కడే రాకూడదని ఎక్కడ రాసుంది? మగవాళ్లకే ఇంత ఇబ్బంది, ఇక ఒంటరి ఆడవాళ్ల సంగతి ఆలోచించండి. ఇప్పటికీ దీని మీద నాకు బాధే. పైగా ఫారినర్లయితే ఇంకో పని ఉంటుంది. అప్పట్లో గది ఇచ్చిన 24 గంటల్లోపు ఫారం-సి అని ఒకటి నింపి విదేశీయుల రిజిస్ట్రేషన్ అధికారులకు ఆన్‌లైన్లో పంపాల్సి ఉండేది, పంపకపోతే లాడ్జి వాళ్ల మీదికి వచ్చేది. అందుకే చిన్న లాడ్జీలు ఈ గోలంతా ఎందుకని పాస్‌పోర్టు చూడగానే చెయ్యి అడ్డంగా ఊపేసేవి.

మా మామా అదే అన్నాడు. "ఒంటి మనిషికి ఇయ్యొద్దని ఎన్నిసార్లు చెప్పాల్రా నీకు, దాంట్లోనూ ఫారినామె" అని నా మీద విరుచుకుపడ్డాడు. లోపలి నుంచి మా అత్త వచ్చింది. ఆ పిల్ల చేతిలో చెప్పు చూసింది. "ఈ వానలో ఆడపిల్లని యాడికి పొమ్మంటావు? మన పిల్లయితే పంపిస్తావా?" అంది. మామ ఇంకేం మాట్లాడలేదు. మెట్ల పక్కన తొమ్మిదో నంబరు గది ఇచ్చాం.

ఫారం నింపాలంటే నెట్ సెంటర్లో కరెంటు రావాలి. వచ్చేసరికి పదిన్నర అయింది. అందాకా ఆమె కౌంటర్ ముందున్న బెంచీ మీదే కూర్చుంది. బయట హోటళ్లు మూసేస్తున్నారు, మా అత్త ఊరుకుంటుందా, సంగటి ముద్ద, చెనక్కాయల ఊరిబిండి, కాస్త నెయ్యి వేసి పళ్లెం తెచ్చి చేతిలో పెట్టింది. ఆమె ముద్ద తుంచి నోట్లో పెట్టుకుని నమలడం మొదలుపెట్టింది. సంగటి నమిలితే ఏమవుతుందో తెలుసు కదా, పళ్లకు పట్టుకుని నోరు కదలదు. కళ్లు పెద్దవి చేసుకుని నా వైపు చూసింది. నాకొచ్చిన ఇంగ్లీషులో "నమలొద్దు, మింగు" అని చెప్పడానికి ప్రయత్నించా, ఆమె ఇంగ్లీషూ నా ఇంగ్లీషు లాంటిదే. చివరికి నేనే పళ్లెంలోంచి చిన్న ఉండ తీసి, వేలితో నొక్కి గుంట చేసి, ఊరిబిండిలో అద్ది, నోట్లో వేసుకుని గుటుక్కున మింగి, గొంతు దగ్గర వేలు పెట్టి చూపించా. ఆమె అలాగే చేసింది. కళ్లు గట్టిగా మూసుకుని మింగింది, కారానికి కళ్ల నీళ్లొచ్చాయి, మళ్లీ నవ్వింది. రెండో ఉండకి వేలితో గుంట తనే చేసుకుంది.

నా కథలో ప్రేమ ఎక్కడ మొదలైందని అడిగితే ఆ గుంట దగ్గరే అంటాను. ఏ దర్శకుడూ ఐఫిల్ టవర్ ముందు ఇంతకంటే నిజమైన సీను తీయలేడని నా నమ్మకం.

తర్వాత ఫారం-సి. ఆ ఫారం ఎప్పుడైనా చూశారా? పేరు, దేశం, పాస్‌పోర్టు, వీసా అయ్యాక, ఎక్కడి నుంచి వచ్చారు, ఇక్కడ ఎన్నాళ్లుంటారు, ఎందుకొచ్చారు, ఇక్కడి నుంచి ఎక్కడికి వెళ్తారు అని ఉంటుంది. టూరిస్టు ప్రేమకథకి స్క్రిప్టు అంటే అదే. ఎన్నాళ్లు అని అడిగితే మూడు వేళ్లు చూపించింది. తర్వాత ఎక్కడికి అంటే హంపి అంది. నేను టైపు చేస్తూ ఉన్నా, కథ ఎప్పుడు అయిపోతుందో నాకు ముందే తెలిసిపోయింది, తెలిసినా మర్నాడు పొద్దున ఏడింటికే తలారా స్నానం చేసి బెంచీ మీద కూర్చున్నా.

ఆ మూడు రోజుల్లో సినిమాలో చూపించదగ్గ పెద్ద సంఘటన ఏదీ జరగలేదు. బస్టాండ్ బయట చెప్పులు కుట్టే ఆయన దగ్గర ఉంగటం వేయించాం. ఆయన కుడుతున్నంతసేపూ ఆమె పక్కనే చతికిలబడి ఆ సూదినే చూసింది, డబ్బులిస్తే తీసుకోనన్నాడు. ఆర్టీసీ బస్సెక్కి చంద్రగిరి వెళ్లాం. బస్సులో అందరూ మా వైపే చూశారు, ఒకాయనైతే మా నాన్న పేరు, ఊరు, కులం అన్నీ అడిగాడు. కోటలో రాజమహల్ ముందు గడ్డి మీద కూర్చున్నప్పుడు ఆమె, నీకు ఎవరైనా ఆ ఫారం ఇస్తే 'తర్వాత ఎక్కడికి' అన్న చోట ఏం రాస్తావు అని అడిగింది. అప్పటికి నేను మద్రాసు, బెంగళూరు తప్ప ఏమీ చూడలేదు. నా పరీక్ష సెంటరు గుంటూరులో పడింది. గుంటూరు అన్నా. ఆమె నోట్‌బుక్ తీసి ఆ పేరు రాసుకుని, అక్కడ కూడా కోట ఉందా అని అడిగింది.

మూడో రోజు రాత్రి హరిప్రియ ఎక్స్‌ప్రెస్. తిరుపతి నుంచి కొల్హాపూర్ వెళ్లే ఆ బండి గుంతకల్లు మీదుగా హోస్పేటలో ఆగుతుంది, హంపికి వెళ్లేవాళ్లు అక్కడే దిగుతారు. బ్యాగు అందించా. చెయ్యి ఊపింది. రైలు కదిలింది. సినిమా అయితే ఇక్కడ పాట వచ్చి పేర్లు పడతాయి.

నేను గోవిందరాజస్వామి గుడి ముందు నుంచి నడుచుకుంటూ లాడ్జికి వచ్చా. మామ తలెత్తకుండానే "తొమ్మిది ఖాళీ అయింది కదా, దుప్పట్లు మార్చెయ్, ఒంగోలు వాళ్లు కింద నిలబడున్నారు" అన్నాడు. పైకెళ్లా. కిటికీ ఊచకి ఆమె బట్టలారేసిన తాడు అలాగే ఉంది. దుప్పటి తీశా, కొత్తది పరిచా, తాడు విప్పి జేబులో పెట్టుకున్నా. ఒంగోలు వాళ్లు నలుగురు, వాళ్ల చిన్నపిల్లాడికి గుండు, దాని మీద గంధం ఇంకా తడిగా ఉంది. వాళ్లమ్మ వేడినీళ్లు ఎన్నింటికి వస్తాయి బాబూ అని అడిగింది. నాలుగింటికి అన్నా. ఆమె గట్టిగా దగ్గుతున్న పిల్లాణ్ణి చూపించి ఇప్పుడొక బకెట్ ఇవ్వలేవా అంటే, కింద గ్యాసు మీద కాచి, మూడంతస్తులు మోసుకుంటూ ఎక్కా.

ఆ బకెట్ సీను ఏ సినిమాలోనైనా ఉందేమో అని అప్పటి నుంచి వెతుకుతున్నా. 1953 నాటి 'రోమన్ హాలిడే'లో కొంత దొరికింది. హాలీవుడ్ సెట్లు వద్దని, రోమ్‌లోనే తీయాలని దర్శకుడు విలియం వైలర్ పట్టుబట్టాడు. ఖర్చు తగ్గించుకోవడానికి బ్లాక్ అండ్ వైట్‌లో తీశారు. ఆ రోజుల లెక్కకి చిన్న సినిమా కాదు కానీ చివర్లో, రోమ్‌కి వచ్చి ఒక విలేకరితో ఒక రోజు తిరిగిన రాకుమారి లోపలికి వెళ్లిపోయాక కెమెరా ఆమె వెంట పోదు, ఆ పెద్ద హాల్లోంచి ఒక్కడే నడుచుకుంటూ బయటికొచ్చే విలేకరిని, అంటే గ్రెగరీ పెక్‌ని చూపిస్తుంది. రెండోది 1995లో వచ్చిన 'బిఫోర్ సన్‌రైజ్'. సుమారు 25 లక్షల డాలర్లతో వియన్నాలో తీశారు, హాలీవుడ్ లెక్కలో అది చాలా చిన్న మొత్తం. చివర్లో రైలు వెళ్లిపోయాక, రైల్లో పరిచయమైన అబ్బాయి, అమ్మాయి రాత్రంతా కలిసి తిరిగిన చోట్లన్నీ తెల్లారి ఖాళీగా కనిపిస్తాయి. అది చూసినప్పుడు ఫోన్ పక్కన పెట్టి చాలాసేపు అలా కూర్చుండిపోయా, ఎందుకంటే ఖాళీ చోటు ఎలా ఉంటుందో నాకు తెలుసు. కానీ అందులో అబ్బాయిది అమెరికా, అమ్మాయిది ఫ్రాన్స్, ఇద్దరూ బయటి ఊరివాళ్లే. ఆ ఖాళీ చోట్లు రోజూ చిమ్మే వియన్నా మనిషి అందులో లేడు.

మన తెలుగు సినిమాల సంగతి చెప్పాలంటే ఇంకా బాధ. పరాయి దేశం అంటే మనవాళ్లకు పాట. మంచులో పల్చటి చీర కట్టించి హీరోయిన్ని వణికిస్తారు, వెనక ఆ ఊరివాళ్లు ఆగి చూస్తుంటారు, వాళ్లలో ఒక్కరికీ డైలాగు ఉండదు. ఆ పాట ఖర్చుతో ఒక చిన్న సినిమా మొత్తం తీయొచ్చని నేను గట్టిగా నమ్ముతా. విదేశాల్లోనే తీయాలని కూడా లేదు, మన ఊరికొచ్చినవాళ్లకు మన ఊరే విదేశం కదా. బస్సులో కులం అడిగిన పెద్దాయన దగ్గరే బోలెడంత కామెడీ ఉంది.

ఆమె నుంచి రెండు మెయిళ్లు వచ్చాయి, రెండింటికీ జవాబు రాశా, తర్వాత ఆగిపోయాయి. ఆమె మీద నాకు ఏ కోపమూ లేదు. గుంటూరు పరీక్ష పోయింది, మరుసటి ఏడు ఇంకోటి వచ్చింది, ఇప్పుడు చిత్తూరులో ఉద్యోగం. ఇదంతా మా ఆవిడకు పెళ్లయిన మొదటి నెలలోనే చెప్పా. ఆవిడ మొత్తం విని, "డబ్బులు వద్దన్న ఆ చెప్పుల ఆయన ఇంకా ఉన్నాడా అక్కడ?" అని అడిగింది. తర్వాత తిరుపతి వెళ్లినప్పుడు ఇద్దరం వెతికాం. ఆ చోట జ్యూస్ బండి ఉంది.

మీరు చూడటానికి సినిమా కావాలనుకుంటే పైన చెప్పిన రెండూ చూడండి. తీయాలనుకునేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే నాకు మెసేజ్ పెట్టండి. లాడ్జి ఇంకా ఉంది, మామ కొడుకు చూసుకుంటున్నాడు, ఇప్పుడు ఒంటరిగా వచ్చినవాళ్లకూ గది ఇస్తున్నాడు. పగలు పదకొండు నుంచి నాలుగు దాకా కౌంటర్ దగ్గర ఎవరూ ఉండరు, షూటింగ్‌కి డబ్బులేమీ అడగొద్దని నేను చెప్తా.